పెట్టె ఎవరి ముందు తెరవాలి

దేవాదాయ శాఖ పంపిన నోటీసులో మూడు ప్రశ్నలున్నాయి. ఊళ్ళో ఉన్న మీ కోవెలను పబ్లిక్ గుడిగా ఎందుకు ప్రకటించకూడదు? అక్కడి పూజ మీ కుటుంబం చేతిలో ఏ హక్కుతో ఉంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మొదటి రెండింటికీ మా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. మూడోదానికి ఉంది. తాళంచెవి మా పెద్దత్త నడుముకు వేలాడుతోంది.

పెద్దత్త అంటే మా నాన్నకు అక్క. భర్త పోయినప్పటి నుంచి ఆ కోవెలను ఆనుకుని ఉన్న గదిలోనే ఉంటోంది. మేము ఉండేది కోవిల్పట్టిలో. ఊరు అక్కడి నుంచి బస్సులో ముప్పావు గంట, నల్లరేగడి పొలాల మధ్య. ఊరిది మాత్రం పక్క జిల్లా, విరుదునగర్. గుడి పబ్లిక్‌దని తేలితే ప్రభుత్వం తన తరఫున ఒక మనిషిని నియమిస్తుంది. తాళం అతనికి వెళ్తుంది, పెద్దత్త గది గుడి ఆస్తి అవుతుంది. మా ఇంట్లో ఆమెకు చోటుంది. ఆమె రానంది.

మా వంశంలో పెళ్ళి కాకుండానే పోయిన ఒక ఆడపిల్ల అక్కడ దేవత. విగ్రహం లేదు. లోపలి గదిలో ఒక చెక్కపెట్టె, అందులో చీర. ఏడాదికొకసారి ఇంటి ఆడవాళ్ళు తలుపు వేసుకుని పాత చీర తీసి కొత్తది పెడతారు. ఆ పాత చీర మా ఇళ్ళలో తర్వాత పెళ్ళయ్యే పిల్లకు వెళ్తుంది. మగవాళ్ళం బయట మండపంలో కూర్చుంటాం. పెట్టెలో ఇంకా ఏమున్నాయో మా నాన్నకు కూడా తెలియదు.

మండపం సంగతి వేరు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు పొద్దున్నే అక్కడ కూర్చుంటారు. ఒకరు దీపం పెడతారు, ఒకరు జడ వేసుకుంటారు. పెద్దత్త వాళ్ళకు నీళ్ళిస్తుంది, ఉంటే గంజి పోస్తుంది. పోయినసారి చీర మార్చే రోజున ఒకతను ఫోను పైకెత్తి లోపలి గది కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పెద్దత్త అతణ్ణి గేటు బయటికి తరిమి తాళం వేసింది. ఊరందరి గుడికి ఒక కుటుంబం తాళం వేసిందని అతను అర్జీ పెట్టాడు. నోటీసు అలా వచ్చింది.

కాగితాల పని నాకు అప్పగించారు. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్. ఫ్యాక్టరీల్లో కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. ఏ అంకె రాసినా పక్కన ఎవరు కొలిచారో, దేనితో కొలిచారో రాయాలి. అదే అలవాటుతో ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ నేల మీద పరిచి వరస సంఖ్యలు వేశాను. ఇరవై రెండు దాకా అన్నీ మాకు అనుకూలమే. తాత పేరున ఉన్న స్థలం పట్టా, గోడ కట్టించిన మేస్త్రీ రాసిచ్చిన కాగితం, కరెంటు బిల్లులు. ఆ తర్వాతిది పంచాయతీకి ఇచ్చిన అర్జీ నకలు. ఇంటి పన్ను మినహాయించమని అడిగింది. తమిళంలో అచ్చువేసిన ఫారం. కింద నాన్న సంతకం.

"ఇది నీ చేవ్రాలేనా నాయనా?"

"ఆమా, నాదే. ఏల?"

"ఏమి రాసుండాదో చదివినావా?"

"గుమాస్తా వేలు పెట్టి చూపించినాడు, పెట్టినాను. ఏమిరా, ఆడిటరు మాదిరి అడుగుతుండావే?"

చదివి వినిపించాను. ఈ స్థలం ఏ కుటుంబానికీ సొంతం కాదు. భేదం లేకుండా ప్రజలందరూ హక్కుగా వచ్చి పూజించే చోటు.

నాన్న గొంతు పెంచాడు. "కోవెల్లో ఉండే ఆమె పేరు పెట్టి ఇంటి పన్ను బిల్లు పంపినార్రా! మన ఇంటి ఆడబిడ్డకు బిల్లా? ఆమేమి బాడిగకు ఉండాదా? అదానికే రద్దు చేయమన్నాను. దుడ్డు కోసమా చేసింది?"

డబ్బు కోసం కాదని నాకు తెలుసు. పన్ను చాలా చిన్నది. దేవతను ఇంట్లో కాపురమున్న మనిషిగా లెక్క రాశారన్నదే ఆయన రోషం. ఆ రోషంలో, మాకు పన్ను వద్దని చెప్పడానికి, ఆమె మాది కాదని సంతకం పెట్టాడు. ఇరవై రెండు తర్వాత సంఖ్య వేయకుండా ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మరుసటి రోజు విరుదునగర్ బయల్దేరాను. మా కేసు చూస్తున్న వకీలమ్మ ఆఫీసు మిరపకాయల గోదాముల వీధిలో, మేడ మీద. కిటికీ తీసి ఉంటే ఘాటుకు తుమ్ములు. ఆమె నా జాబితా మొత్తం చదివి మెచ్చుకుంది. జేబులోది తీసి ఇచ్చాను. ఒకసారి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పన్ను వాళ్ళ దగ్గర పబ్లిక్ అన్నారు. ఇక్కడికొచ్చి ప్రైవేటు అంటున్నారు. రెండు నోళ్ళా మీకు?"

"దీన్ని ఇవ్వకపోతే ఏమవుతుంది మేడమ్?"

"అసలు పంచాయతీలో ఉంది. వాళ్ళ చేతి నుంచి వస్తే మీ ఇరవై రెండు కాగితాలూ దొంగ కాగితాల్లా కనబడతాయి. మీరే ఇవ్వండి."

పన్ను కోసం రాసిన మాట ఒక్కటే గుడి ఎవరిదో తేల్చదని ఆమె వివరించింది. బయటివాళ్ళు అక్కడికి తమ హక్కుగా వస్తున్నారా, మీరు రానిస్తే వస్తున్నారా అన్నది చూస్తారు. బయటివాళ్ళకు ఎన్నడూ భాగం లేనిది ఏదైనా ఒకటి చూపించగలిగితే మనకు బలం. పెట్టె గురించి చెప్పాను. "అదే. అధికారి తనిఖీకి వచ్చినప్పుడు తెరిచి చూపించండి," అంది.

పన్ను అర్జీకి ఇరవై మూడు అని సంఖ్య వేసి ఊరికి వెళ్ళాను. పెద్దత్త నా మాట మొత్తం విన్నది. మేనల్లుణ్ణి గనక నన్ను అల్లుడా అనే పిలుస్తుంది.

"ఏమల్లుడా, బయటివాడు చూడకూడనిదని చెప్పేదానికి బయటివాడికి చూపాల్నా? వాడు చూసినంక అది బయటివాళ్ళు చూసినది అయిపోదా?"

తనిఖీ రోజు వచ్చేదాకా రెండు వారాలు దీనికి జవాబు వెతికాను.

అధికారి చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చాడు. మర్యాదస్తుడు. మండపం కొలిపించాడు, హుండీ ఉందా అని చూశాడు. లేదు. లోపలి తలుపు ముందు పెద్దత్త, పక్కన మా అమ్మ నిలబడి ఉన్నారు. నాన్న తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. అధికారి తమిళంలో నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, నేను చూడకుండా పెట్టె ఉందని రాయలేను."

పెద్దత్త కూడా తమిళంలోనే బదులిచ్చింది. "చూస్తే బయటి మనిషి చూశాడని రాయాలి. రాస్తారా?"

అతను కలం మూత పెట్టాడు. అంతటితో వెళ్ళిపోతాడనుకున్నాను. నాన్న "అక్కా!" అని గట్టిగా అరిచాడు. ఆమె వెనక్కి తిరగకుండా నాతో అంది: "అల్లుడా, నేను మీ అమ్మను పిలుచుకోని లోపలికి పోతాను. వాకిలి మూస్తాను. ఉండేది చెబుతాను. నువ్వు రాయి. ఆయన వింటే చాలునా అని అడుగు."

తమిళంలో అడిగాను; అధికారి కలం మూత తీసి సరేనన్నాడు. తలుపు మూసుకుంది. ఆమె తెలుగులో చెబుతోంది, నేను తమిళంలో రాస్తున్నాను, అతను నా భుజం మీదుగా చదువుతున్నాడు. ఒకటి, పట్టుచీర, ఎర్ర అంచు. రెండు, గాజులు నాలుగు, చిన్నపిల్ల చేతి కొలత. మూడు, కొయ్య దువ్వెన, రెండు పళ్ళు లేవు. నాలుగు, కాటుక బరిణె. అన్నీ నేను మొదటిసారి వింటున్నవే. మూడో వరస కొట్టేసి మళ్ళీ రాశాను.

"అప్పురం, ఇంకా ఏమి ఉండాది అత్తా?"

లోపల అమ్మ ఏదో గొణిగింది. పెద్దత్త గొంతు వచ్చింది: "ఇంకొకటి ఉండాది. అది చెప్పేది కాదురా."

"ఏమంటోంది?" అన్నాడు అధికారి.

అంతే ఉన్నాయట అనొచ్చు. అతనికి తెలుగు రాదు. "ఇంకో వస్తువు ఉందట. చెప్పనంటోంది," అన్నాను. నాన్న తల పట్టుకున్నాడు. అధికారి తన కాగితం మీద రాసుకున్నాడు: ఐదో వస్తువు చెప్పడానికి నిరాకరించారు.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. కోవెల కుటుంబానిదే. పన్ను అర్జీలోని మాటలు అచ్చు ఫారానివి, వాటితోనే గుడి స్వభావం మారదు. చూపడానికే కాదు, చెప్పడానికి కూడా నిరాకరించిన ఆరాధన ప్రజలదని అనలేం. ఒక నకలు పంచాయతీకి పంపారు. నెల తిరక్కుండా మినహాయింపు రద్దయి, దేవత పేరున ఇంటి పన్ను బిల్లు మళ్ళీ వచ్చింది. నాన్న దాన్ని కళ్ళకద్దుకుని ట్రంకులో పెట్టాడు.

వకీలమ్మ ఇంకొకటి చెప్పింది. మళ్ళీ ఎవరూ అర్జీ పెట్టకుండా గేటుకు బోర్డు పెట్టండి: కుటుంబ కోవెల, బయటివారికి అనుమతితోనే ప్రవేశం. కోవిల్పట్టిలో రాయించి తెచ్చి నేనే నాలుగు మరలు బిగించాను.

మరుసటి పొద్దున వ్యాను ఆడవాళ్ళు గేటు బయటే ఆగారు.

"అక్కా, లోపలికి రావచ్చునా?"

"ఏమి మే, కొత్తగా అడుగుతుండావు?"

"బోర్డు పెట్టినారే. మా పాప చదివి చెప్పింది."

పెద్దత్త నా వైపు చూసింది. రమ్మని చెబితేనే అది అనుమతి అవుతుందని, రోజూ చెప్పాలని చెప్పాను.

"ఒకొకరికీనా?"

"ఆమా అత్తా."

ఆమె గేటు తీసి పక్కన నిలబడింది. రా మే, రా మే అంటూ పేరు పేరునా తొమ్మిది మందిని పిలిచింది. వాళ్ళు తలలు వంచుకుని, కొత్త ఇంటికి వచ్చినట్టు ఒదిగి లోపలికి వెళ్ళారు. మరో ఇద్దరు రాలేదు. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నారు. వ్యాను వచ్చేదాకా పెద్దత్త గేటు దగ్గరే నిలబడి వాళ్ళను పిలుస్తూనే ఉంది.