మండెలో నా మూటలు

ఎమర్జెన్సీ రోజుల మాట. పలివెల దగ్గర మా చేను కాలవ కిందది. మా ఆయన పోయిన మరుసటి సార్వా పంటకి విత్తనం సగమే మొలిచింది. నానబెట్టింది నేను. గడ్డిలో కప్పి, పైన బరువు పెట్టి, మొలకెత్తడానికి మండె కట్టింది నేను. కాబట్టి తప్పు నా చేతిదని తేల్చేశారు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు.

మళ్ళీ ఏడు విత్తనం బస్తా దించగానే అడ్డొచ్చారు.

"పసుపు లేని చెయ్యి పడితే ఏమయిందో చూసేవుగా అమ్మాయ్? ఇంక మండె జోలికి రాకు. చేను నేను చేయించి, నీ వాటా నీ గుమ్మంలో దింపిస్తాను."

వాటా గుమ్మంలోకి వచ్చిన రోజు నుంచి ఆ చేను నాది కాదు. నా చదువు మూడో తరగతితో ఆగింది గాని, ఆ మాత్రం తెలుసు.

మా ఆయన బతికుండగా కూడా ఒక ఏడు మొలక చెడింది. అప్పుడు విత్తనం పుచ్చిందన్నారు, వాన ఎక్కువైందన్నారు. బాగా మొలిచిన ఏళ్ళలో అయితే ఎవరి చెయ్యి పడిందని అడిగినవాళ్ళే లేరు. చెడినప్పుడు మాత్రమే చేతులు వెతికితే అదేం లెక్క?

"మీ మాటే చూద్దాం బావగారూ," అన్నాను. "ఒకే బస్తాలో విత్తనం. అక్కయ్య చేత్తో కొన్ని మూటలు, నా చేత్తో కొన్ని. నావన్నీ వెనకబడితే చేను మీదే. మంచీ చెడ్డా ఇద్దరివాటిలోనూ కలిసే ఉంటే మీరు నా చేలో దిగకూడదు. ఇప్పుడే ఒప్పుకోండి. మొలకలు చూశాక మాట మారిస్తే కుదరదు."

"నీ దుంప తెగ! ఎంత ధైర్యమే!" అంది అక్కయ్య, ఆయన భార్య.

"నీవి నడిమధ్యన వెచ్చగా పెట్టుకుంటావు," అన్నారాయన.

ఆ అనుమానం న్యాయమైనదే. అంచునున్న గింజకి వేడి తగలదు. పాత పంచె చింపి, ఎవరి చేత్తో వాళ్ళం గింజలు పోసి, అన్నీ ఒకే తీరు మూటలు కట్టాం. గుర్తుకి అడుగున దారం ముక్క వేశాం, అక్కయ్యవాటిలో ఎర్రది, నావాటిలో నల్లది. ఒకే తొట్టిలో నానబెట్టి, గంపలో కుదిపి, చేతికి అందినది అందినట్టు బావగారి చేతే గడ్డిలో పెట్టించాను. ఏది ఎవరిదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

మొలక వచ్చాక మూటల మూతి విప్పి, నావి ఏవో చెప్పమన్నాను. అన్నిటికంటే పలచగా ఉన్నదాన్ని పైకెత్తారు.

"ఇదిగో, నీదే. దీని మొహం చూస్తే తెలీడం లేదూ?"

గుమ్మరిస్తే ఎర్రదారం.

అక్కయ్య మొహం మాడిపోయింది. "అయితే నాది చెడ్డ చెయ్యంటావా?"

"అననక్కా. మిగతావీ పొయ్యనీ."

పోశాం. అక్కయ్యదే ఇంకొకటి దట్టంగా మొలిచింది. నావాటిలోనూ ఒకటి అలా, ఒకటి ఇలా.

"ఒక్క చేతి మూటల్లోనే ఇంత తేడా ఉంది," అన్నాను. "ఒక్క మూట పట్టుకుని ఎవరి చేతినైనా ఎలా తిడతారండీ?"

"ఈసారికి నీకు కలిసొచ్చింది," అని గొణిగారాయన. "వచ్చే ఏడు కూడా చూసి అప్పుడు చెబుదాం."

"చూడండి. పై ఏడూ చూడండి. ఎన్నిసార్లు చూస్తే అంత మంచిది. చూసినన్నాళ్ళూ చేను మాత్రం నాదే."

ఆయన చూస్తుండగానే బస్తా మూతి విప్పి, చేతులు మోచేతుల దాకా విత్తనంలో ముంచి, తొట్టిలోకి తోశాను.

తరువాత పలచగా మొలిచిన ఏడూ ఒకటి వచ్చింది. ఆ ఏడూ నేనే నానబెట్టాను, ఆ పై ఏడూ నేనే.