సారయ్య పట్టు

అమీర్‌పేట సందులో సారయ్య షెడ్డుకు బోర్డు లేదు. అవసరమూ లేదు. కారుకు టైమింగ్ బెల్ట్ మార్చాలంటే నలుగురూ ఆయన పేరే చెబుతారు. ఆ పనిలో అసలు కష్టం బెల్ట్ కాదు, పట్టు. ముందు ఇంజిన్ పక్కన తిరిగే చక్రం, పుల్లీ, దాని బోల్ట్ ఊడాలి. ఒకరు దాన్ని లాగుతుంటే ఇంజిన్ తిరగకుండా ఇంకొకరు బిగబట్టాలి. ఇంజిన్ కదిలి టైమింగ్ గుర్తులు తప్పాయో, దాని గతి అంతే.

ఇరవై ఏళ్లు సారయ్య పట్టాడు, తమ్ముడు రామకృష్ణ లాగాడు.

"పట్టినవా అన్నా?"

"పట్టిన, గుంజు."

మొన్న వేసవిలో సారయ్య వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు. రామకృష్ణ ఒంటరిగా తిప్పలు పడ్డాడని తెలిసి మనసు చివుక్కుమంది. లేవగానే ఇనుప పట్టీ ఒకటి కోసి, పుల్లీ రంధ్రాల్లో దిగేలా రెండు మేకులు అతికించి, అంచున 'సా' అని చెక్కి తమ్ముడి చేతికిచ్చాడు. దాని రెండో కొస నేలకు ఆనిస్తే పుల్లీ కదలదు, ఇక రెండో మనిషి అక్కర్లేదు. రెండు నెలల్లో రామకృష్ణ ఆ పట్టీతో పంజాగుట్టలో సొంత షెడ్డు తెరిచాడు. కొబ్బరికాయ కొట్టింది సారయ్యే, పిచ్చి మారాజు!

ఒక ఉదయం శ్రీనగర్ కాలనీ మంజూష కారు తెచ్చింది. తాళాలు ఇవ్వకుండా ఫోన్ చూపించింది. వీడియోలో రామకృష్ణ, చేతిలో ఆ పట్టీ.

"నాతోని ఒక పెద్దమనిషి పనిజేస్తుండె. చేతులు ఒణుకుతుండె. బండ్లు కరాబైతున్నయని గీ పట్టీ నేనే తయారుజేసిన."

'సా' ఉన్నచోట ఎర్ర రంగు పూసి ఉంది.

"ఏంటి సారయ్య గారూ, ఈయన చెప్పేది మీ గురించేనా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇన్నేళ్లు ఇంజిన్లు పట్టినవాడికీ ఆ దొంగ దొరకలేదు. పట్టీ పోతే పోయింది, అలాంటివి పది చేయగలడు. తన చేతికి వణుకు అంటగట్టాడే, అదే కడుపు మండించింది. ఆ చెయ్యి తప్ప సారయ్యకు వేరే పేరు లేదు.

తిన్నగా పంజాగుట్ట వెళ్లాడు. రామకృష్ణ బానెట్‌లో తల దూర్చి ఉన్నాడు. కొత్త రకం కారు, పుల్లీకి పట్టీ కుదరలేదు. లాగినప్పుడల్లా ఇంజిన్ తిరుగుతోంది. అడుగుల చప్పుడు విని తల ఎత్తకుండానే అరిచాడు.

"ఎవలన్న జర పట్టుండ్రి!"

తిట్టడానికి వచ్చినవాడు తిట్టాలా వద్దా? సారయ్య పెద్ద పానా తీసి పుల్లీని బిగబట్టాడు. పాడు అలవాటు!

"పట్టినవా?"

సారయ్య పానా మీద ఇంకాస్త ఒరిగాడు. రామకృష్ణ గుంజాడు. బోల్ట్ టక్కున వదిలింది. ఇంజిన్ వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు తల తిప్పి చూశాడు.

"అన్నా..."

"ఒణికిందా?" అన్నాడు సారయ్య. "గిది సుత వీడియోల పెట్టు."

పానా కింద పెట్టి వచ్చేశాడు. అమీర్‌పేట మెట్రో స్తంభాల దగ్గరికి వచ్చేసరికి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఎవరైనా చూస్తారేమోనని, ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.