సింహాల మేనరికం

మొన్న ఒక పెళ్లివిందులో ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీయగానే చల్లటి తెల్లపొగ ముఖాన కొట్టింది. అందరూ చెంచాలు అందుకున్నారు. నాకు మాత్రం సింహాల వీర్యం గుర్తొచ్చింది. మా శారద మేడమ్ అలాంటి పొగలోంచే, గడ్డకట్టించి దాచిన నమూనాల గొట్టాలు పైకి తీసేవారు.

గుంటూరు నుంచి కలకత్తా వచ్చి, వన్యమృగాల సంతానశక్తి మీద పరిశోధన చేసేవారావిడ. నేను హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరినవాణ్ణి. మొదటిసారి మైక్రోస్కోపులో చూస్తే కొన్ని వీర్యకణాలకు తోక మెలిక తిరిగింది, కొన్నిటికి రెండు తలలు. మిగతావి శనివారం సాయంత్రపు గుమాస్తాల్లా కదలకుండా ఉన్నాయి. అడవి చుట్టూ ఊళ్లు మొలిచి, బయటి మగసింహం వచ్చే దారి మూసుకుపోయిందట. తరతరాలుగా ఒకే కుటుంబంలో జతకట్టి, పైకి రాజసంగా ఉన్న మృగం లోపల ఇలా తయారైందట.

సరిగ్గా అప్పుడే నాకు మేనమామ కూతురు లలితతో పెళ్లి మాట నడుస్తోంది. అమ్మకు సింహాల కథ చెప్పాను.

"సింహాలకీ మా తమ్ముడికీ ఏటిరా సంబంధం? మీ నాన్న నాకు బావే గదా. నీకేటి తక్కువైంది?"

నాకేం తక్కువో ఆవిడే రోజూ చెబుతుంది.

ఒక బంద్ రోజున, రైళ్లు లేక హౌరా వంతెన మీదుగా నడిచి ల్యాబ్‌కు వెళ్లాను. మేడమూ నేనూ ఇద్దరమే ఉన్నాం. లలితను చేసుకోవచ్చా అని అడిగేశాను. సింహంలోని లోపం దాని పెళ్లివల్ల రాదయ్యా, దాని అమ్మానాన్నల పెళ్లివల్ల వస్తుంది అన్నారు మేడమ్. లలిత గురించి అడగబోతే నమూనా నేనేనని తేలింది. అలాగని ఒక తరానికి సింహాల కథంతా అంటగట్టకూడదట, భయం లేదనీ చెప్పలేరట. వెళ్లినప్పటికంటే ఎక్కువ అయోమయంలో పడ్డాను.

"మా ఆయన అమ్మానాన్నలదీ మేనరికమే," అన్నారు ఉన్నట్టుండి. "మాకు పిల్లలు లేరు."

"దానివల్లేనా మేడమ్?"

"తెలియదు. పరీక్షలన్నీ నాకే చేయించారు, ప్రదక్షిణలూ నాచేతే. ఆయన్ని పరీక్ష చేయించుకోమని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేకపోయాను. సింహాన్నయితే మత్తిచ్చి పడుకోబెడతాం."

నవ్వాలో వద్దో తెలియక శుభ్రంగా ఉన్న స్లైడునే మళ్లీ తుడిచాను.

లలితకు అంతా చెప్పాను. అంతా విన్నాకే ఒప్పుకుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఎందువల్లో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక ఉదయం అమ్మ లలితను డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. మేడమ్ ఇంట్లో ఎవరూ అనని మాట అప్పుడు నా నోట వచ్చింది.

"నువ్వు కూచో అమ్మా. ముందు నేను చూపించుకుంటాను."

అమ్మ నన్ను ఎవరి కొడుకో అన్నట్టు చూసింది. లలిత తొడుక్కున్న చెప్పులు విప్పలేదు.

"పద బావా," అంది. "నేను బయట కూచుంటాను."