బావ డబ్బా నేనే నింపాను

ఈ రోజు మా కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. నాతోపాటే పనిచేసే మా బావకు యూరిక్ యాసిడ్ ఎక్కువ. కాలి బొటనవేలు వాచి బూటు పట్టకపోతే, నొప్పి మాత్ర మింగి డ్యూటీకి వస్తాడు. ఈమధ్య మూత్రంలో నురగ వస్తోంది. అది పరీక్షలో బయటపడితే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడని భయం. అందుకే పొద్దున మూత్రం పట్టి ఇవ్వాల్సిన తన డబ్బా నా చేతిలో పెట్టాడు.

"జెర నాది గూడ నువ్వే నింపురా. నీది మంచిగుంటది."

నింపి ఇచ్చాను.

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. ఇద్దరి మూత్రంలోనూ ప్రొటీన్ పోతోందట, కిడ్నీల డాక్టరుకు చూపించుకోమన్నారు. నాకు వాపు లేదు, నొప్పి లేదు, ముప్పై ఏళ్లు కూడా లేవు. కాకపోతే డ్యూటీలో నీళ్లు తాగను. మాలో ఎవరూ తాగరు. తాగితే మూత్రానికి వెళ్లాలి, వెళ్లాలంటే తల నుంచి కాళ్ల దాకా తొడుక్కున్న సూట్ విప్పాలి, సూపర్‌వైజర్ తిడతాడు.

బావ నా రిపోర్టు చాలాసేపు చూశాడు.

"నీది గూడ గిట్లనే ఉన్నదేందిరా?"

వచ్చే ఏడాది డబ్బాలు నింపమని ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలియడం లేదు. మీలో ఎవరిదైనా బాగుంటే చెప్పండి. కానీ పరీక్ష చేయించుకున్నాకే చెప్పండి. పొద్దున దాకా నేనూ నాది బాగుందనే అనుకున్నాను.