ట్రయల్‌కి వెళ్లని మీరా సాహెబ్

బందరులో మీరా సాహెబ్ కారు షెడ్డులో ఆనందరావు మాస్టారి కారు పని ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. పాత ఆయిలు దించుతాడు, ప్లగ్గులు గీకుతాడు, చేతులు గుడ్డకు తుడుచుకుని మాస్టారిని అడుగుతాడు: "డ్రైవ్‌కి తర్వాతి రెండూ ఏంటండీ?" "డ్రోవ్, డ్రివెన్, సాహెబ్ గారూ." మూడు నెలలకోసారి ఇదే ప్రశ్న. మాస్టారు మొదటిసారి విన్నట్టే జవాబు చెబుతారు.

డెబ్బై ఏడు ఉప్పెనకు ముందురోజు ఇదే కారును రిపేరయ్యాక ట్రయల్‌కి తీస్తూ, సాహెబ్ తన కూతురు నఫీసాను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. కోడూరు దాకా ఆ పిల్ల బళ్లో నేర్చుకున్న ఆ మూడు మాటలే వల్లించింది. అమ్మమ్మ ఇంట్లో దించి వచ్చాడు. మళ్లీ తీసుకురావడానికి వెళితే ఇల్లూ లేదు, పిల్లా లేదు. ఇప్పుడు ట్రయల్‌కి వెళ్లడు. "మీరే చూసుకోండి మాస్టారూ" అని తాళాలిచ్చి, పక్క సీటు తుడిచి, ఆ తలుపును చప్పుడు కాకుండా వేస్తాడు.