పుస్తకంలో రాయని పని

నాకు పెళ్ళైన కొత్తలో ఎవరైనా "మీ ఆయనేం చేస్తడు?" అని అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. గోదావరిఖనిలో మగవాణ్ణి అడిగేది రెండే ప్రశ్నలు. ఏ బొగ్గుబాయి, ఏ షిఫ్టు? బాయీ లేదు, షిఫ్టూ లేదు, ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ల వైర్లు చూస్తాడు అని చెబితే నా మొహం వైపు జాలిగా చూసేవాళ్ళు. "అయ్యో, మీ మామకు అన్‌ఫిట్ రాలేదా బిడ్డా?" అనేవాళ్ళు. రాలేదు. మా మామ పోశం ముప్పై నాలుగేళ్ళు బాయి దిగి, చివరి రోజు కూడా చేతికర్ర లేకుండా పైకి వచ్చి, మెడలో దండ వేయించుకుని ఇంటికి నడిచి వచ్చాడు. ఒంట్లో ఏదో ఒకటి చెడి ముందే దిగిపోయి ఉంటే కొడుక్కి ఆ కొలువు దొరికేది. ముసలాయన ఆరోగ్యమే మా కొంప ముంచిందని నేనంటే మా ఆయన వీరేందర్ నవ్వుతాడు. ఆయనకు కోపం రాదు. అందుకే ఇద్దరి కోపమూ నేనే తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఆ దవాఖాన పేరు చెప్పను. చెబితే నా నోరే చేదవుతుంది. పదకొండేళ్ళు చేశాడక్కడ. మూడంతస్తుల్లో నలభైకి పైగా కంప్యూటర్లు, వైఫై, కెమెరాలు, డాక్టర్ల గదుల్లోకి పోయే లైన్లు, అన్నీ ఈయన మీదే. కూర్చోవడానికి మెట్ల కింద ఒక ఇరుకు గది. ఒకవైపు గోడకు రాక్, అందులో మినుకు మినుకుమనే పెట్టెలు, ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. అన్నీ నడుస్తుంటే ఈయన ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు. ఒక్క నిమిషం ఆగిందా, "వీరేందర్ ఏడి?" అని మూడంతస్తులూ అరుస్తాయి.

ఆయనకొక పుస్తకం ఉండేది. అట్టకు బట్ట అంటించిన లావుపాటి లాంగ్‌బుక్. అది వాళ్ళ నాయన దగ్గర పట్టిన అలవాటు. మామ బాయిలో సర్దార్, షిఫ్టులో దిగిన కూలీల భద్రత చూసే మనిషి. షిఫ్టు అయిపోగానే ఎక్కడ పైకప్పు వదులుగా ఉంది, ఎక్కడ గాలి సరిగా ఆడడం లేదు అని రిపోర్టు రాసి, తర్వాత దిగే సర్దార్‌కు అప్పజెప్పాకే ఇంటికి వచ్చేవాడు. అన్నం చల్లారిపోయినా సరే. కొడుకూ అంతే. ప్రతి వైరుకు రెండు కొసలా అంకె రాసిన చీటీ కట్టాడు. ఏ అంకె ఏ గదికి పోతుందో పుస్తకంలో బొమ్మ వేశాడు. ఏ పెట్టెలో ఏ సెట్టింగు ఉంది, దాన్ని ఏ తేదీన ఎందుకు మార్చాడు, చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అంతా గుండ్రటి అక్షరాల్లో రాశాడు. పాస్‌వర్డులు మాత్రం పుస్తకంలో పెట్టలేదు. వాటిని కవరులో పెట్టి అంటించి మేనేజరు బీరువాలో దాచాడు. నా పుట్టినరోజు ఏనాడూ గుర్తుండదు గానీ, రెండో అంతస్తులో పదిహేడో వైరు ఎక్కడికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఏం మనిషో!

రిసెప్షన్‌లో శోభ అనే అమ్మాయి ఉంది. మా గల్లీలోనే ఉంటుంది, నన్ను వదినా అంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ అమ్మాయికి కూడా పాఠాలు చెప్పేవాడు. "ముందుగాల వైరు జూడాలె శోభా, తర్వాత పెట్టె జూడాలె. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే దేనితోని బాగైందో ఎట్ల ఎర్కైతది?" అనేవాడు. "కాపీ తీసి పెట్టుడు గొప్ప గాదు. తీసిన కాపీ మళ్ల తెరుచుకుంటదా లేదా, నెలకొకసారన్న తెరిచి జూడాలె" అనేవాడు. వచ్చేపోయేవాళ్ళ ఫోన్లకు వేరే వైఫై పెట్టాడు, రోగుల వివరాలుండే లైను జోలికి ఎవరూ పోకుండా. శుక్రవారం శుక్రవారం పెట్టెలు విప్పి బ్లోయర్‌తో బొగ్గుదుమ్ము ఊదేవాడు. మా ఊళ్ళో తెల్లచొక్కా సాయంత్రానికి ఎలా తయారవుతుందో ఆ పెట్టెలూ అలాగే తయారవుతాయట. ఆ శుక్రవారం బట్టలు ఉతకలేక నా చేతులు పడిపోయేవి.

మొన్న ఎండాకాలంలో ఆ దవాఖానను హైదరాబాద్ వాళ్ళెవరో కొన్నారు. అక్కడి నుంచి శ్యామ్ అని ఒక ఇంజినీరు రెండు రోజుల పని మీద వచ్చాడు. రాసిపెట్టినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడట. ఆ రాత్రి మా ఆయన పుస్తకం సంచిలో సర్దుతుంటే నేను చేయి అడ్డం పెట్టాను.

"ఇయ్యకు. నీ బతుకంత గా పుస్తకంల ఉన్నది. లేదని చెప్పు, అన్ని నా నెత్తిల ఉన్నయని చెప్పు" అన్నాను.

"నాయిన రిపోర్టు రాయకుంట ఏనాడన్న పైకొచ్చిండా మమతా? తర్వాత దిగెటోనికి ఏడ కప్పు లూజున్నదో తెల్వద్దా?" అన్నాడు.

"మీ నాయిన తెల్లారి మళ్ల బాయి దిగేది. నిన్ను దిగనిస్తరా వీళ్లు?"

తెల్లారి పుస్తకం తీసుకుపోయి ఇచ్చాడు. శ్యామ్ పేజీ పేజీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని, ఇలాంటి పుస్తకం ఎక్కడా చూడలేదు సార్ అని చేయి కలిపాడట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే మా ఆయన మొహం వెలిగిపోయింది.

మూడు వారాలకు మేనేజరు కామరాజు గారు పిలిచారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, నెమ్మదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించి చెప్పారట. "మీ పుస్తకం చూసి హైదరాబాదులో అందరూ ఒకటే మెచ్చుకోవడమండీ. ఇంత వివరంగా రాసి ఉంటే అక్కడి నుంచే చూసుకోవచ్చు, ఇక్కడ మనిషి అక్కర్లేదని అంటున్నారు. నేనూ చెప్పి చూశానండీ." ఈ నెలాఖరుతో పని సరి. మా ఆయన ఇంటికి వచ్చి ముందు మెచ్చుకున్న సంగతి చెప్పాడు, నీళ్ళు తాగాక రెండోది చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటే ఇది కాదా? అరిచాను. ఏడ్చాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

ఆ తర్వాత మంచిర్యాలలో రెండు చోట్ల, శ్రీరాంపూర్‌లో ఒక చోట అడిగి వచ్చాడు. నలభై ఒకటి దాటిన మనిషిని చూసి, చెబుతాంలే అన్నారు. ఇంట్లో నా కుట్టుమిషను ఒక్కటే డ్యూటీకి పోతోంది. ఆయన మంచం మీద కూర్చుని పాత చార్జర్లు విప్పి మళ్ళీ బిగిస్తుండేవాడు. తన మేనత్త లింగవ్వకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆమెకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు అదే దవాఖానలో, సర్కారు కార్డుకు నెట్‌లో వేలిముద్ర పడ్డాక, మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు. "ఆమెకు తెలిస్తే ఫికర్ పెట్టుకుంటది" అన్నాడు.

పని పోయిన ఐదోరోజు శోభ జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చి, దవాఖానలో మధ్యాహ్నం పూట నెట్ పోతోందని చెప్పింది. ఒకరోజు రెండింటికి, ఒకరోజు మూడుం పావుకు. ఆదివారం పోలేదు. వాన పడిన రోజు పోలేదు. వాచ్‌మన్ ఆ గదిలోకి పోయి అన్నీ ఆపి, కదిపి, మళ్ళీ వేస్తే ఒక్కోసారి వెంటనే వస్తుంది, ఒక్కోసారి సాయంత్రం దాకా రాదు. "గా టైముకు మీ దగ్గర ఏమన్న అయితదా అని శ్యామ్ సారు ఫోన్ల అందరినీ అడిగిండు వదినా. ఏం గాదు సార్, రోజు లెక్కనే ఉంటదని అందరం చెప్పినం" అంది.

మా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తన కుడిచేతి బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"బ్లాస్టింగ్" అన్నాడు.

శోభా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో, ఆదివారమూ వాన పడిన రోజూ తప్ప, రోజూ మధ్యాహ్నం మందుగుండు పెట్టి బ్లాస్టింగ్ చేస్తారు. ఇల్లు ఊగుతుంది, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. చాయ్ గ్లాసు ఒలకకుండా పట్టుకుని చెప్పే మాట చెబుతూనే ఉంటాం. కొత్త చుట్టాలు ఉలిక్కిపడితే తప్ప మాకు గుర్తే రాదు. ఆ మెట్ల కింద గోడ సన్నదని అప్పుడు చెప్పాడు మా ఆయన. బయటి ఫైబర్ లైనును లోపలి వైర్లకు కలిపే చిన్న కన్వర్టర్ పెట్టె ఆ గోడకే ఉంది. దానికి కరెంటు తెచ్చే నల్లవైరు వదులైపోయి, బ్లాస్టింగ్ దెబ్బకు జారుతుంది. కొత్త పెట్టె తెప్పించమని ఈయన మూడుసార్లు రాసిచ్చాడు. నడుస్తోంది కదా అన్నారు. దాంతో ఏడాదిన్నరగా భూమి ఊగిన వెంటనే పోయి బొటనవేలితో ఆ వైరు నొక్కి వచ్చేవాడు.

"అన్న చాయ్‌కి లేస్తుండనుకున్న" అంది శోభ.

"గిది గూడ ఒక పనేనా అనుకున్న. పుస్తకంల రాయలేదు" అన్నాడు మా ఆయన.

నాకు ప్రాణం లేచి వచ్చింది. దేవుడున్నాడు అనుకున్నాను. శోభ చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాను. "వాళ్లే ఫోన్ చేస్తరు. చేసినప్పుడు ఒక్కటే మాట. నన్ను మళ్ల పెట్టుకుంటే చెప్త అను. గంతే. నీ తలకాయల మిగిలింది గదొక్కటే." ఆయన సరే అన్నాడు.

మంగళవారం మూడు కాకముందే ఫోన్ మోగింది. స్పీకరు పెట్టమని సైగ చేశాను. శ్యామ్ గొంతు అలసిపోయి ఉంది. "సార్, వారం నుంచి చూస్తున్నాం, అంతు పట్టడం లేదు. మీకేమైనా తెలుసా?" మా ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళెర్రజేశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. జన్మలో తన కోసం ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

"నన్ను మళ్ల... పనిల పెట్టుకుంటే చెప్త సార్."

"అది నా చేతిలో లేదు సార్. నేను కూడా కాంట్రాక్టు మీదే ఉన్నాను" అన్నాడు శ్యామ్. కామరాజు గారిని లైనులోకి కలిపాడు. ఆయన "తప్పకుండా పైకి రాస్తానండీ, వచ్చే వారం చూద్దాం" అన్నారు. ఆ గొంతు వింటేనే తెలిసింది, ఆయన చేతిలోనూ ఏమీ లేదని. అయినా పెట్టెయ్ ఫోన్ అన్నాను. పెట్టేశాడు.

రెండు నిమిషాలకు శోభ నంబరు నుంచి ఫోన్. మాట్లాడింది లింగవ్వ.

"అల్లుడా, ఏలుముద్ర పడ్తలేదట. ముద్ర పడనిదే మిషను మీదికి ఎక్కియ్యరట. ఒంటిగంటకు వచ్చి కూసున్న, నా వంతు వచ్చేటాలకే నెట్ పోయింది, కాళ్లు బరువైతున్నయ్, దమ్మొస్తున్నది. పోయినసారి గిట్లనే అయితే తెల్లారి రమ్మని తోలిచ్చిండ్రు. నువ్వు ఇయ్యాల డ్యూటీల లేవా? మెట్ల కిందికి పోయి జూసిన, నీ కుర్చీ లేదు."

ఆయన ఫోన్ పట్టుకుని నా వైపు చూశాడు. వద్దని చెప్పే శక్తి నాకు లేదు. వారం రోజులు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన నోటితోనే అన్నాను. "చెప్పయ్యా, ఇంకేం జూస్తున్నవ్!"

"అత్తా, ఫోన్ శోభకియ్యి" అన్నాడు. "శోభా, మెట్ల కిందికి పో. మీది నుంచి రెండో పెట్టె, చిన్నది. దాని ఎనుక నల్లవైరు. బొటనవేలు పెట్టి లోపలికి ఒత్తు. ఇంక జర్ర. పచ్చలైటు అచ్చిందా?" వచ్చింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. కొద్దిసేపటికి లింగవ్వ "పడ్డది అల్లుడా, సల్లగుండు" అంది. పదకొండేళ్ళ కొలువు కోసం మా దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆధారం అట్లా పోయింది.

సాయంత్రం శ్యామ్ మళ్ళీ ఫోన్ చేశాడు. చాలా థాంక్స్ చెప్పాడు. "ఒక్క రిక్వెస్ట్ సార్. అదే విషయం రెండు ముక్కలు రాసి మెయిల్ పెడతారా? మీ పుస్తకంలో చేర్చుకుంటాం." నేను తిట్టిన తిట్లు ఆ అబ్బాయికి వినబడే ఉంటాయి. మా ఆయన ఫోన్ ముందేసుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాడు. రోజూ బ్లాస్టింగ్ తర్వాత మెట్ల కింద రెండో పెట్టె నల్లవైరు చూడవలెను. వేలితో నొక్కితే చాలును. కొత్తది వేయిస్తే ఈ పని కూడా అవసరం ఉండదు. రాసి, ఒకసారి చదువుకుని, పంపించాడు.

గురువారానికల్లా కొత్త కన్వర్టరు వచ్చిందని, ఇంకో గోడకు బిగించారని శోభ చెప్పింది. నెట్ ఇప్పుడు అస్సలు పోవడం లేదట. కామరాజు గారి నుంచి ఫోన్ రాలేదు. మేమూ చేయలేదు.

నిన్న మధ్యాహ్నం తిన్నాక ఆయన మంచం మీద ఒరిగాడు. నేను మిషను ముందు కూర్చుని శోభ జాకెట్టు కుడుతున్నాను. రెండున్నరకు బ్లాస్టింగ్ అయింది. అల్మారాలో గ్లాసులు కదిలాయి. ఆయన లేచి కూర్చుని, గబగబా గడప దగ్గరికి పోయి, ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు.

"ఏడికి?" అన్నాను.

అట్లాగే నిలబడ్డాడు. బొటనవేలు చూసుకుని, చేయి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏడికి లేదు" అని చెప్పు విడిచి వచ్చి పడుకున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా మిషను తొక్కుతూనే ఉన్నాను. సూదిలో దారం లేదన్న సంగతి చాలాసేపటికి చూసుకున్నాను.