సపోర్టు పోయింది

హిందూపురంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో దుప్పటి చుట్టిన కంప్యూటర్ పెట్టె ఉంది.

“ధర్మవరంలో మా మగ్గాలకు చీరల డిజైన్లు దీంట్లోనే గీస్తాము నాయనా. ఈ ఊరి షాపులో బాగుచేసేకి కాదన్నారు,” అంటూ సోమందేపల్లి దగ్గర ఆ డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పింది.

దాన్ని ఏళ్లుగా చూసుకున్నది నేనే. దాని కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చి బిల్డ్ చేసే పాత టూల్స్ కొత్త కంప్యూటర్లలో పనిచేయవు. ప్రతిసారీ వాటితో కుస్తీ పట్టలేక, ఇక సపోర్టు లేదని ఆమధ్యే నెట్లో ఒక ముక్క రాసి పడేశాను.

“ఎందుకు కాదంట?” అన్నాను, ఏమీ తెలియనట్టు.

“సపోర్టు చేసే ఆయప్ప పోయినాడంట. ఏం వయసో ఏమో, పాపం. ఇన్నేండ్లూ మాకు అన్నం పెట్టినాడు.”

సపోర్టు పోయిందని షాపులో చెప్పి ఉంటారు. ఈమె మనిషే పోయాడనుకుంది. పెట్టెను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

పెనుకొండ దాటింది. ధర్మవరం వచ్చింది. పోయాడనుకున్న నేనే ఆ పెట్టె పట్టుకుని ఆమె వెనకే తలుపు దాకా వెళ్లాను. ఆమె దిగాక పెట్టె కిందికి అందించాను.

“నూరేండ్లు బతుకు నాయనా,” అంది.